శాంతిస్వరూప్, సావిత్రి, మా నాయనమ్మ

టీవీలో వార్తలు మొదలవగానే మా నాయనమ్మ కొంగు తలమీదికి లాక్కునేది. ఎందుకే అంటే, "ఆయన మనదిక్కే చూస్తుండు గద బిడ్డా!" అనేది. ఆయనంటే శాంతిస్వరూప్. పరకాలలో మా వాడకంతటికీ పక్కింటివాళ్ళ టీవీయే దిక్కు ఆ రోజుల్లో.

మనలో మాట, అప్పట్లో నాకాయన చదవడం గొప్పగా అనిపించలేదు. నవ్వడు, కోప్పడడు. వరదలొచ్చినా ఎన్నికలొచ్చినా అదే గొంతు. ఆ గొంతు విలువ 2024 ఏప్రిల్ 5న ఆయన పోయాక తెలిసొచ్చింది నాకు. హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983 నవంబరు 14న తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. టెలిప్రాంప్టర్ లేదు. కాగితంలోకి తలొంచితే ముఖం కనపడదు గనక, వార్తలన్నీ ముందే బట్టీపట్టి మనవంక చూస్తూ అప్పజెప్పేవారట, పదేళ్ళపాటు! నాలుగు సరుకులకి చీటీ రాసుకునే మనకి తెలియదూ ఆ కష్టం? అన్నీ బుర్రలో మోసుకురావాల్సినవాడు అదనపు మాట ఒక్కటీ పెట్టుకోడు. ఇప్పటి యాంకర్లు పూటంతా అరిచినా అందని విషయం ఆయన కాసేపట్లో అందించడానికి అదే కారణమనుకుంటాను. భోపాల్ విషవాయువుమీద 'రాతిమేఘం' అనే నవల కూడా రాశారు. వార్తల్లో అణచుకున్న దుఃఖం అక్కడ దించుకున్నారేమో! నవలలు రాసుకునేదాన్ని గనక నాకలా తోస్తుంది. ఆయన రిటైరైంది 2011లో.

అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ చక్కటి భాషలో మా పరకాల ఎక్కడా వినపడేది కాదు. "వచ్చిన్రు" అంటే బళ్ళో నవ్వేవారు, టీవీలో వార్తలు విని నేర్చుకోమనేవారు. అందుకే వీసిక్స్ తీన్మార్ వార్తల్లో సావిత్రి పేరుతో శివజ్యోతి మన యాసలో గలగలా మాట్లాడుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. (2019లో ఆ అమ్మాయి బిగ్‌బాస్ ఇంటికెళ్ళింది, అది వేరే కథ.) నాయనమ్మ ఉండుంటే ఈ పిల్లని చూసి కొంగు లాక్కునేది కాదు, "రా బిడ్డా, కూసో" అనేది.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. మన యాసకి దక్కినవి ఎకసెక్కాల వార్తలే. బడ్జెట్టో, కోర్టు తీర్పో, పెద్దవాళ్ళ మరణమో వచ్చేసరికి చాలావరకు మళ్ళీ పుస్తకాల భాషే! ఏం, మా మాటలో చెబితే దుఃఖం దుఃఖం కాకుండా పోతుందా? 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద తుపాకులు పేలిన సంగతి మా నాయనమ్మ ఈ యాసలోనే చెప్పేది. వింటున్న పిల్లల్లో ఒక్కరం కూడా నవ్వలేదు.