గాలికి దారి ఇచ్చిన చెయ్యి

మెదడు గడ్డపెరుగులా మెత్తన. దాని లోపలి నీటి గదుల రూపం చూద్దామని కత్తి పెడితే గోడలు కుంగిపోతాయి, చూడాలనుకున్న ఖాళీయే మాయమవుతుంది. సుమారు 1508లో లియొనార్డో డావిన్చి ఈ చిక్కు విప్పిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆయన ఎద్దు మెదడు తీసుకున్నారు. రెండు పెద్ద గదుల కొమ్ములకూ చెరో బెజ్జం వేసి, వాటిలో సన్నని గొట్టాలు దూర్చారు. వెనకవైపు అడుగు గదికి ఇంకో బెజ్జం చేసి, పిచికారీతో కరిగిన మైనం ఎక్కించారు. అది గట్టిపడ్డాక చుట్టూ ఉన్న మెదడును ఒలిచేశారు. లోపలి ఖాళీ మైనపు ముద్దయి చేతికొచ్చింది.

పనితనమంతా ఆ రెండు గొట్టాల్లోనే ఉంది. లోపలి గాలి పోయే దారి లేకపోతే మైనం సగంలోనే ఆగిపోతుంది. ఇది పోతపని చేసేవాళ్లకు తెలిసే కిటుకు. ఫ్లారెన్స్‌లో వెరోకియో శిల్పశాలలో పని నేర్చి, మిలాన్‌లో పెద్ద కంచు గుర్రాన్ని పోతపోయాలని ఏళ్ల తరబడి లెక్కలు వేసిన మనిషికి అది కొట్టినపిండి.

అంతకు దాదాపు ఇరవై ఏళ్ల కిందట ఆయనే గీసిన బొమ్మలో, పాత గ్రంథాలు చెప్పినట్టే, మూడు గుండ్రని అరలు వరసగా ఉన్నాయి. తలపొరలను పోల్చడానికి పక్కనే కోసిన ఉల్లిపాయ. మైనం ఆ వరసను చెరిపేసింది. ఇరుపక్కలా పొట్టేలు కొమ్ముల్లా వంపు తిరిగిన పార్శ్వ కోష్ఠకాలు, అంటే ఆ రెండు పెద్ద గదులు. వాటి మధ్య, కింద, సన్నని చీలికలాంటి మూడో గది. అక్కణ్ణుంచి చెరువు తూములాంటి ఇరుకు దారి నాలుగో గదికి. అయినా గదుల మీద జ్ఞాపకం వంటి పాత పేర్లే రాశారు. పేర్లు పాతవే, చెయ్యి మాత్రం ఉన్నది ఉన్నట్టు గీసింది. నాకు చెయ్యి మీదే నమ్మకం.

మనిషి మెదడులోనూ అమరిక ఇదే. రోజుకు దాదాపు అర లీటరు మస్తిష్క మేరు ద్రవం, అంటే ఆ గదుల్లోని నీరు, ఊరుతుంది. తూము పూడితే నీరు వెనక్కి తన్ని పై గదులు ఉబ్బుతాయి. పసిపిల్లలకైతే తలే పెరుగుతుంది.

1519లో ఆయన పోయేనాటికి ఈ బొమ్మలు అచ్చు కాలేదు. వాటిలో ఒక కాగితం ఇంగ్లండ్‌లోని విండ్సర్ రాజ సేకరణలో భద్రంగా ఉంది.