వ్యసనవిముక్తి: నిగమశర్మయు బిల్వమంగళుఁడును

తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమునందలి నిగమశర్మోపాఖ్యానముపై నొక యాక్షేపణము తఱచుగా వినవచ్చును. జన్మమంతయు దుర్వ్యసనములఁ గడపినవాఁడు పుణ్యక్షేత్రమునఁ జచ్చినంతనే తరించుట నీతికి విరుద్ధమనియు, అట్టి కథ బాలురకుఁ జెప్పఁదగదనియు దాని సారము. శ్రీనాథుని కాశీఖండములోని గుణనిధికిని, శివరాత్రిమాహాత్మ్యములోని సుకుమారునికిని ఈ నింద సమానమే. ఫలశ్రుతిని మాత్రమే చూచువారి కిది సహేతుకముగాఁ దోఁపవచ్చును. కాని యీ కవుల చూపు నిలిచినది ఫలశ్రుతిమీఁదఁ గాదు. మనుష్యుఁడు వ్యసనమున కెట్లు లోఁబడును, వానిని విడిపింప నెవరు పూనుదురు, ఆ యత్న మెచ్చట విఱుగును అనునవియే వారి కథాశరీరము.

గుణనిధి కథలో నధికముగా గమనింపవలసినది వాని తల్లి. యజ్ఞదత్తుఁడు కొడుకేడని యడిగినప్పుడెల్ల సోమిదమ్మ యేదో యొక సాకు చెప్పి వాని జూదమును గప్పిపుచ్చును. తన యుంగరము జూదరి వ్రేల నుండఁగాఁ జూచిననాఁడు గాని తండ్రికి నిజము తెలియదు. తల్లి ప్రేమయే వ్యసనమునకుఁ గోట యయ్యెను. నేఁటి వైద్యులు రోగి బంధువులకుఁ జేయు హెచ్చరికలలో నిదియు నొకటి. పిమ్మట నాఁకటిచేత శివరాత్రినాఁడు గుడి చొచ్చిన గుణనిధి, నైవేద్యమును దొంగిలించుటకు వెలుఁగు చాలక, తన బట్ట చింపి వత్తి చేసి దీపము వెలిఁగించెను. ఆ చేష్టలో భక్తి లేదు, పశ్చాత్తాపము లేదు. శివుని యౌదార్యమును జాటుటయే శ్రీనాథునకుఁ బ్రధానము. గుణనిధి మనస్సు మాఱెనా యను ప్రశ్న యాతనికిఁ బట్టలేదు.

రామకృష్ణుఁ డంతకంటె లోఁతునకుఁ బోయెను. నిగమశర్మ యక్కకుఁ బేరైనఁ బెట్టలేదు. అయినను రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగా రామెపైఁ బ్రత్యేకముగా వ్యాసము వ్రాయునంతటి సజీవపాత్ర యామె. తమ్ముని దుర్వృత్తి విని యత్తవారింటినుండి బిడ్డలతో వచ్చి, తిట్టక కొట్టక, వృద్ధులైన తలిదండ్రులను, కట్టుకొన్న యిల్లాలిని, పుట్టిన కులమును దలఁపించి బుజ్జగించును. నిగమశర్మ మెత్తఁబడినట్లే యుండును. ఇంటిపట్టున నిలుచును. ఇల్లంతయు నమ్మును. ఒకనాఁటి రాత్రి యింటిలోని నగలన్నియు మూటఁగట్టుకొని పాఱిపోవును. తెల్లవాఱిన పిమ్మట నక్క తన క్రొత్త ముక్కరకై యేడ్చును.

ఈ ముక్కర యేడుపు కేవలహాస్యమని తలఁచుట పొరపాటు. అక్క చెప్పిన మాటలన్నియు సత్యములే, ప్రేమపూర్వకములే; కాని యవి యన్నియు నింటివారికిఁ గలిగిన నష్టమును గూర్చినవి. నిగమశర్మ హృదయమున నున్న దప్పిక యేదియో యామె యడుగలేదు. అతని మంచితనమును ఎరవుసొమ్మువంటిదే. ఇంటివారు తొడిగిన దానిని వారు నిద్రించుచుండఁగా విప్పి పాఱవైచెను. అనంతరము దొంగలచేఁ జిక్కి గాయపడిన వాని నొక కాఁపు తన యింటికిఁ గొనిపోయి మాన్పును. నల్లపాటి రేగడిచేల గట్లపై నేఁటికిని గానవచ్చునట్టి దయాళువైన రైతు వాఁడు. తెనాలి యింటిపేరుగల కవి కట్టివాని నెఱుఁగుట వింత గాదు. మేని గాయములు మానెను. నిగమశర్మ యా యుపకారి భార్యనే లేవఁదీసికొని పోయెను. రోగము మేనిలో లేదని చెప్పుట కింతకంటె నిర్దయమైన కల్పన యుండదు.

బిల్వమంగళుని కథ వీనికిఁ బ్రతిపక్షము. చింతామణియను వేశ్యకై వాన లెక్కింపక, ఏఱు లెక్కింపక వచ్చిన వానితో, ఈ యాసక్తిలో నించుక భగవంతునిపై నున్న నేమగునని యామె పలికెనఁట. అక్క మాట చేయలేని పని యీ మాట యేల చేసెను? చింతామణి వానిని కోరిక మానుమనలేదు. అది పోవలసిన చోటు చూపెను. శ్రీకృష్ణకర్ణామృతమును జెప్పిన లీలాశుకుఁ డాతఁడే యని సంప్రదాయము. ఆ కోరికయే కావ్యమయ్యెను. 1935లో అమెరికాదేశమున ఏక్రన్ నగరమందుఁ బుట్టిన త్రాగుఁబోతుల పరస్పరసహాయసంఘమును, దైవమును బ్రతివాఁడును దనకుఁ దోఁచినరీతినే తలఁచుకొనవచ్చుననెను. చట్టమున కీ సౌలభ్యము లేదు. 1995లో ఆంధ్రప్రదేశమున విధింపఁబడిన మద్యనిషేధము 1997లో సడలింపఁబడెను. 1992లో నెల్లూరిమండలపు దూబగుంట స్త్రీలు సారాపైఁ జేసిన పోరాటమైనను ముంత నూడ్చివేయఁగలిగెనే గాని దప్పికను దీర్పలేదు.

మధుసేవ వ్రాసి మద్యపానమును నిందించిన కాళ్లకూరి నారాయణరావుగారే చింతామణిని నాటకముగా రచించిరి. మధుసేవలో నుపదేశ మెక్కువ. చింతామణిలో మనుష్యు లెక్కువ. కావుననే రెండవది నిలిచెను. అయితే ప్రదర్శకులు జనరంజనమునకై సుబ్బిసెట్టి హాస్యమును బెంచుచు వచ్చిరి. బిల్వమంగళుఁడు మేల్కాంచు ఘట్టము కుంచించిపోయెను. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశప్రభుత్వము నాటకప్రదర్శనమును నిషేధించినపుడు వాదమంతయు సుబ్బిసెట్టి పాత్రనుగూర్చియే జరిగెను. బిల్వమంగళునిఁ దలఁచినవారు తక్కువ. నిగమశర్మకు అక్క చేసిన హితోపదేశమును బోధించు పండితులు, ఆ రాత్రి దొంగతనమును విడువక చెప్పి, ప్రక్కనే చింతామణి పలికిన యొక్క మాటను జదివించుట యుచితము.