సకర్మకం, అకర్మకం: మన పిలకాయలకు ఎలా చెప్తున్నాం?

సకర్మక, అకర్మక క్రియల పాఠం వచ్చిందంటే మనమందరం ఒకే కిటుకు చెప్తాం. క్రియను పట్టుకుని "దేనిని? ఎవరిని?" అని అడగండి, జవాబు వస్తే సకర్మకం, రాకపోతే అకర్మకం. డి.ఎడ్.లో నాకూ ఇదే నేర్పించారు. ఇరవై ఏళ్లుగా ఇదే చెప్తా వచ్చాను. ఈ కిటుకు సగం దూరమే తీసుకుపోతుందని నా అభిప్రాయం.

ఒకరోజు "తిను" ఏ క్రియ అని అడిగాను. "పొద్దున మీరు తిన్నావా అని అడగతారు గదా సార్, దేన్ని అని అడగరు గదా. అకర్మకం" అన్నాడొక పిలకాయ. పుస్తకం ప్రకారం తప్పు. కానీ వాడు భాషను సరిగ్గానే విన్నాడు. తెలిసిన కర్మను తెలుగులో నోటితో చెప్పం. తిన్నా, చూశా, పట్టుకొచ్చా అంటాం. మాటలో కర్మ లేకపోయినా క్రియ దాన్ని కోరుతూనే ఉంటుంది. ఈ ముక్క మన పాఠాల్లో ఉండదు.

"ను" సంగతీ అంతే. ఉదాహరణ ఎప్పుడూ "రాముడు రావణుని చంపెను". మన ఇళ్లల్లో మాట్లాడేది "వల వేశారు", "ఎలకబొక్క తవ్వాం". ప్రాణం లేని వస్తువు కర్మ అయితే "ను" చాలాసార్లు రాదు. మనిషి అయితే "తమ్ముణ్ణి కొట్టాడు" అనాల్సిందే. ఇది చెప్పకపోతే పిల్లలు "ను" కోసం వెతికి, "వల వేశారు"లో వలే కర్త అని రాస్తారు. చిన్నప్పుడు నేనూ అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

నిజానికి ఈ తేడా బడికి రాకముందే వాళ్లకు వచ్చు. తెగు–తెంపు, మునుగు–ముంచు, కాలు–కాల్చు, విరుగు–విరుచు. చేతిలో వల పాడైతే "తెగింది నాయనా" అంటాడు గాని "తెంపాను" అనడు. ఏ క్రియ వాడితే దెబ్బలు పడవో వాడికి తెలుసు. పాఠం ఇక్కడ మొదలుపెట్టి, సంస్కృతం పేర్లు తర్వాత చెప్తే సరిపోతుంది.

ఆ పేర్లలో "కర్మ" దగ్గర ఇంకో చిక్కు. మన ఇళ్లల్లో కర్మ అంటే తలరాత. పట్టా రాకపోయినా కర్మే, వేటలో ఏమీ పడకపోయినా కర్మే. వ్యాకరణంలో ఆ అర్థం లేదు. కర్త తన పనితో అన్నిటికన్నా ఎక్కువగా పొందగోరేది కర్మ అని పాణిని చెప్పాడు. కోరకపోయినా ఆ పని తగిలినది కూడా కర్మేనని వెంటనే ఇంకో సూత్రం పెట్టాడు. దానికి వ్యాఖ్యానాల్లో చెప్పే ఉదాహరణ, ఊరికి పోతూ దారిలో గడ్డిని తాకడం.

ఇక్కడ నాకు శ్రీహరికోట గుర్తొస్తుంది. రాకెట్ కేంద్రానికి 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ పోయింది. అడవి మీద, పులికాట్ మీద బతికిన యానాదులు ఉన్న చోట్లు వదలాల్సి వచ్చింది. కోరింది దీవిని. గడ్డి ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ సంగతిని మూడు రకాలుగా రాయవచ్చు. "మేము తరలిపోయాము." "మేము తరలించబడ్డాము." "మమ్మల్ని తరలించారు." మొదటిది అకర్మకం, మనమే కర్తలం, ఇష్టపడి పోయినట్టు. రెండోది కర్మణి. కర్త లేడు, క్రియ చివర "ము" కూడా మనదే. మూడోదాంట్లో కర్త పేరు లేదు గాని, చివర "రు" ఉంది. ఎవరో మనుషులు ఆ పని చేశారని అది చెప్తుంది. మన పెద్దలు మూడోదే మాట్లాడతారు. "బడు" మన నోళ్లల్లో దాదాపు లేదు, కాగితాల్లోనే ఉంది. అయినా పరీక్షలో కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చమంటాం, మార్చితే మార్కు ఇస్తాం. కర్మణిని కర్తరిలోకి మార్చమని ఎన్నిసార్లు అడిగాం?

మొన్న ఈ మూడు వాక్యాలు బోర్డు మీద రాసి కర్తను గుర్తించమన్నాను. మూడోదాని దగ్గర ఒక పాప లేచి "ఈ 'రు' ఎవరు సార్?" అంది. ఆ రోజు పీరియడ్ దానికే సరిపోయింది. మరుసటి రోజు పాత పేపర్లు తెప్పించి "బడు" ఉన్న వాక్యాల కింద గీతలు గీయించాను. రెండు పేపర్లకే పెన్సిళ్లు అరిగిపోయాయి.