బొంతకు ఫీజెంత?

చెన్నైలో రెండు రోజుల క్విల్టింగ్ వర్క్‌షాప్, ఫీజు 12,000. భోజనం వాళ్ళది, బస మనది. రైలు ఛార్జీ, లాడ్జి, గుండ్రంగా తిరిగే కట్టరు, దాని కింద పరిచే మ్యాటు, గీతల స్కేలు అన్నీ కలిపితే 20,000 దాటింది. లెక్క రాసిన కాగితం వారం రోజులు బియ్యం డబ్బా మీదే ఉంది. మా ఆయన అది చూసి, "బొంత కుట్టేది నేర్చుకోను మెడ్రాసు పోతావా?" అన్నాడు.

కోపం వచ్చింది గానీ ప్రశ్న మంచిదే. మా ఇందుకూరుపేట ఇంట్లో అవ్వ కుట్టిన బొంతలు ఇంకా మూడున్నాయి. మెత్తబడిన నూలు చీరలు ఐదారు తీసుకొని, జరీ అంచులు కోసేసి, గంజి పోయేదాకా ఉతికి, చాప మీద ఒకదాని మీదొకటి పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, టాకాలు వేసి కుట్టేది. దూది ఉండదు. ఎందుకుండదో తెలియాలంటే ఒక కార్తీకం మా దగ్గర గడపాలి. పెద్ద వానలు మాకు అప్పుడే. సముద్రపు గాలికి ఉతికిన దుప్పటే రెండు రోజులు ఆరదు, దూది కూరిన క్విల్టయితే ఆరేలోపే ముక్కవాసన పట్టేస్తుంది. అయినా ఇక్కడ బొంత కప్పుకునేది కాదు, పరుచుకునేది. పసిబిడ్డ కింద, బాలింత మంచం మీద, అరుగు మీద పడుకునే తాత నడుం కింద.

అంటే చెన్నైలో నేర్పే వస్తువుతో నాకు పనిలేదు. లెక్క అక్కడితో తెగిపోవాలి. తెగలేదు.

నాలుగేళ్ళుగా టైలరు దగ్గర జాకెట్టు ముక్కలు తెచ్చి, చదరాలుగా కత్తిరించి కలుపుతున్నాను. మూలలు కలవవు. వరస చివరికొచ్చేసరికి ఒకటి పొడుగు, ఇంకొకటి పొట్టి. పక్కవీధిలో కూలికి బొంతలు కుట్టే పెద్దమ్మ దగ్గర రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఆమె ముక్కలు కలపదు, చీర మీద చీర పరుస్తుంది. నా జబ్బు ఆమెకెప్పుడూ రాలేదు, మందెట్టా తెలుస్తుంది? కానీ కుట్టు మాత్రం నడిమధ్యలో మొదలుపెట్టి అంచులకు తీసుకుపోతుంది. "అట్టా ఎందుకు పెద్దమ్మా?" అంటే, "అట్టనే గదమ్మే కుట్టేది" అంది. ఇంటికొచ్చి అంచు నుంచి మొదలుపెట్టి చూశాను. వదులంతా నడిమికి చేరి పొట్టలా ఉబ్బింది. కారణం గుడ్డ చెప్పింది, ఆమె చెప్పలేదు.

చివరికి చెన్నైకి ఫోన్ చేసి, మొదటి రోజుకు మాత్రం వస్తానన్నాను. 7,000 అన్నారు. తెల్లవారుజామున నెల్లూరులో రైలెక్కి, రాత్రికి తిరిగొచ్చేశాను. లాడ్జి ఖర్చు తప్పింది. ముక్క అంచున పావు అంగుళం వదిలి కుట్టాలని నాకూ తెలుసు. అక్కడ టీచరు నా ముక్కను స్కేలు కింద పెట్టి చూపిస్తే తెలిసింది, నేను వదిలేది పావు మీద వీసం అని. వీసమంటే పదహారో వంతు. కుట్టుకు రెండు పక్కలా రెండు వీసాలు, అంటే పరక. ఎనిమిది కుట్లకు ఒక అంగుళం మాయం. (వీసం, పరక అన్నది నేను. ఆమె ఇంగ్లీషులోనే చెప్పింది.) మందేమిటంటే, మిషను పలక మీద సూదికి సరిగ్గా పావు అంగుళం దూరంలో ఒక టేపు ముక్క అంటించి, గుడ్డ అంచును దానికి ఆనించి కుట్టడం. మిగతా రోజంతా దూది రకాల గురించి చెప్పారు. నేను విన్నట్టు తలూపాను.

టేపు ముక్కకు 7,000 ఎక్కువే. నాలుగేళ్ళ చెత్తసంచీ చూసుకుంటే తక్కువే అనిపిస్తుంది, రోజును బట్టి.

రైల్లో నాకు సిగ్గేసింది వేరే సంగతికి. చెన్నై ఫీజు గురించి వారం తర్జనభర్జన పడ్డదాన్ని, పెద్దమ్మకు ఏమైనా ఇవ్వాలన్న ఆలోచనే రాలేదు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ ఊళ్ళో నల్లజాతి ఆడవాళ్ళు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. వాళ్ళు తల్లుల దగ్గర చూసి నేర్చుకున్నవాళ్ళే. ఇప్పుడు వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి జనం డబ్బు కడుతున్నారు. అంత దూరమెందుకు, మా మండలంలోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమం ఉంది. 1921లో గాంధీ ప్రారంభించాడు. అక్కడ రాట్నం పట్టినవాళ్ళెవరూ ఫీజు కట్టి ఉండరు. ఆ ఆశ్రమం నిలబడ్డ భూమి మాత్రం పొణకా కనకమ్మ ఇచ్చింది.

మర్నాడు రెండు రోజుల కూలి లెక్కగట్టి పెద్దమ్మ చేతిలో పెట్టాను. "ఏందమ్మే ఇది, నీకు నేనేం నేర్పినా?" అని వెనక్కి నెట్టింది. నేను తీసుకోలేదు. కాసేపు నోట్ల వైపు చూసి, మడిచి, కొంగున కట్టుకుంది.

"అయితే రేపు కూడా రా. అంచు మడిచేది చెప్పలా నీకు," అంది.