లేజర్ చూపునిస్తుందా, నిలుపుతుందా?

మధుమేహ రోగికి లేజర్ చేసిన కొన్ని వారాలకు అక్షరాల చార్టు చదివిస్తారు. మునుపు చదివిన వరుస దగ్గరే ఆగిపోతే రోగి నిరాశపడతాడు. వైద్యుని లెక్కలో మాత్రం అది విజయమే. ఈ తేడాను చికిత్సకు ముందే వివరించకపోతే రోగి మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కడు. ఇదీ అసలు చిక్కు.

మధుమేహం కంటిలోని రెటీనా పొరకు రక్తమందించే సన్నని నాళాలను దెబ్బతీస్తుంది. ప్రాణవాయువు చాలక కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. ఇవి బలహీనమైనవి. చిట్లి రక్తస్రావం కలిగిస్తాయి, రెటీనాను లాగి ఊడదీస్తాయి. అందుకే రెటీనా అంచు భాగాలలో లేజరుతో సుమారు 1200 నుంచి 1600 చిన్న మచ్చలు పెడతారు. అక్కడ ప్రాణవాయువు అవసరం తగ్గి కొత్త నాళాలు ముడుచుకుంటాయి. అంటే నడిమి చూపు కోసం అంచుల చూపును కొంత వదులుకోవడమన్నమాట.

1970లలో అమెరికాలో జరిగిన అధ్యయనంలో ఈ చికిత్స తీవ్ర దృష్టినష్టాన్ని సగానికి పైగా తగ్గించింది. రెటీనా నడిమి భాగం వాచిన కళ్ళపై 1985లో మరో అధ్యయనం వెలువడింది. మూడేళ్ళలో చెప్పుకోదగినంత చూపు తగ్గిన కళ్ళు లేజర్ లేనిచోట 24 శాతం, చేసినచోట 12 శాతం. రెండింటిలోనూ ప్రధానంగా లెక్కించింది ఆపిన నష్టాన్నే. అక్షరాల చార్టుకు ఆ మేలు కనబడదు. చీకట్లో తడబాటు, పక్కనుంచి వచ్చే సైకిలు కనబడకపోవడం వంటి కీడూ కనబడదు.

ఇంజెక్షన్లు వచ్చాక లేజర్ పాతబడిందనే వారున్నారు. నడిమి వాపుతో చూపు తగ్గినప్పుడు ఇంజెక్షన్లే మేలు. వాటితో చూపు పెరిగే అవకాశమూ ఉంది. కొత్త నాళాల విషయంలోనూ అవి లేజరుకు తీసిపోవని 2015లో తేలింది. కాని అవి పదే పదే వేయించుకోవాలి. మధ్యలో ఆరు నెలలకు పైగా రాకుండా పోయిన రోగులలో, ఇంజెక్షన్లు మాత్రమే పొందినవారి చూపు లేజర్ పొందినవారి కంటే ఎక్కువగా దెబ్బతిన్నదని 2019లో ప్రచురితమైన అమెరికా పరిశీలన చెప్పింది. కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చే రోగికి చికిత్స నిర్ణయించేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

పుదుచ్చేరి పట్టణానికి వైద్యశాలల కొరత లేదు. జిప్మర్ ఉంది, 2003 నుంచి తవళకుప్పంలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. యంత్రంతోపాటు మాట కూడా ఉండాలి. "ఇది పోయిన చూపును తేదు, ఉన్నదాన్ని నిలుపుతుంది. రాత్రిచూపు కొంత తగ్గవచ్చు. అయినా గడువుకు రావాలి" అని రోగి భాషలో చెప్పాలి. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న యానాం నుంచి వచ్చినవారికి తెలుగులోనే చెప్పాలి.

మధుమేహులూ చూపు మసకబారేదాకా ఆగకూడదు. చూపు బాగున్నప్పుడే ఏటా కంటిపాప పెద్దదిచేసి రెటీనా చూపించుకోవాలి. నిలపడానికి చూపు మిగిలి ఉన్నప్పుడే లేజర్ తన పని చేయగలదు.