పునర్నిర్మాణ చరిత్రకు ఒక శాసనసభ్యుని సాక్ష్యము

అమెరికా అంతర్యుద్ధానంతరము దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి వోటుహక్కు లభించిన కాలమునకు పునర్నిర్మాణ యుగమని పేరు. ఆ యుగమును అవినీతికిని అజ్ఞానమునకును ఆటపట్టుగా చిత్రించిన చరిత్రకారులు పెక్కురు. వారికి ప్రతివాదముగా 1913లో వెలువడిన గ్రంథము ‘ది ఫ్యాక్ట్స్ ఆఫ్ రీకన్‌స్ట్రక్షన్’. దాని కర్త జాన్ రాయ్ లించ్.

లించ్ 1847లో లూయిసియానాలో బానిసగా జన్మించెను. 1863లో ఉత్తర సేనలు మిసిసిపీలోని నాచెజ్ పట్టణమును చేరుటతో అతనికి స్వేచ్ఛ లభించెను. ఛాయాచిత్రశాలలో పనిచేయుచు, కొలది నెలలు రాత్రిబడిలో చదివి, సందు కావలనున్న శ్వేతజాతి పాఠశాలలోని పాఠములను చెవియొగ్గి విని విద్య గడించెను. అట్టివాడు 1869లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, 1872లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున సభాపతి యయ్యెను. పిదప అమెరికా కాంగ్రెసున సభ్యుడయ్యెను.

‘నల్లవారి ఏలుబడి’ యను నిందకు లించ్ ఆవేశముతో గాక లెక్కతో బదులిచ్చెను. మిసిసిపీ జనాభాలో నల్లజాతివారు సగమునకు మించియుండిరి. అయినను ఏడు రాష్ట్రాధికార పదవులలో 1873 ఎన్నిక వరకు వారికి దక్కినది ఒక్కటే. ఆ ఎన్నికలో మూడు. శాసనసభలో వారెన్నడును అధికసంఖ్యాకులు కాలేదు. ఈ లెక్కయే గ్రంథమునకు వెన్నెముక.

1875 ఎన్నికలలో దౌర్జన్యకారులు నల్లజాతి వోటర్లను భయపెట్టిరి. కేంద్ర సైన్యము రాలేదు. సేనలను పంపినచో ఒహాయో ఎన్నికలో తమ పక్షము ఓడునను భయమే కారణమని అధ్యక్షుడు గ్రాంటు తనతో చెప్పినట్లు లించ్ వ్రాసెను. గ్రంథమున మిక్కిలి విలువగల ఘట్టమిదియే. కాని ఇది ఇరువురి నడుమ జరిగిన సంభాషణను దాదాపు నాలుగు దశాబ్దముల పిదప ఒకరు స్మరించి వ్రాసినది. చదువరి దీనిని సాక్ష్యముగా గ్రహింపవలెను గాని తీర్పుగా గాదు.

మరియొక లోపము పక్షాభిమానము. రిపబ్లికను పక్ష సభలను వర్ణించుటలో నున్న శ్రద్ధ, పత్తిచేలలో కూలికి పాటుపడిన వోటరు బ్రతుకును చెప్పుటలో కానరాదు. శ్రామికుని కేంద్రముగా జేసికొని ఆ కొరతను తీర్చినది 1935 నాటి డుబోయిస్ మహాగ్రంథము. లించ్ తన్ను గూర్చియు ఇందు స్వల్పముగనే చెప్పెను. అతని ఆత్మకథ 1970లో, అనగా అతడు మరణించిన ముప్పదియొక్క యేండ్లకు, వెలువడెను. ఈ రెండును జతగా చదువదగినవి.

1890 నాటి మిసిసిపీ రాజ్యాంగము వోటరుకు తలపన్నును విధించుటయేగాక, రాజ్యాంగఖండమును చదువగలుగుటయో, విని అర్థము చెప్పగలుగుటయో ఉండవలెనని నిబంధించెను. పాఠములు విని సభాపతియైన వాని జాతికే ఆ పరీక్ష అడ్డుగోడ యయ్యెను. 1965 నాటి వోటుహక్కు చట్టము వరకు అది తొలగలేదు. ఆ నడిమి కాలమున ‘నల్లవారు పాలింపజాలరు’ అను మాట పాఠ్యపుస్తకములకు నెక్కినపుడు, పాలించినవాడే వ్రాసి యుంచిన ఈ లెక్క చెరగక నిలిచెను. లోపములున్నను ఈ గ్రంథము గౌరవార్హమగుట ఇందువలననే.