రా, రండి: అనువాదంలో చొరబడే కులం

మన ధమ్మ ప్రసంగాల్లో అజాతశత్రువు వస్తే బుద్ధుడు 'మీరేమనుకుంటున్నారు మహారాజా' అని అడుగుతాడు. వాడిన పూలు ఊడ్చే సునీతుడు ఎదురైతే 'రా భిక్షూ' అంటాడు. చాలాకాలం మనమూ ఇలాగే చెప్పాం. మూలంతో పోల్చి చూసుకున్నాక సిగ్గుపడ్డాం.

పాలిలో ఈ తేడా లేదు. సామఞ్ఞఫల సుత్తంలో రాజును అడిగే ప్రశ్నలో క్రియ ఏకవచనం. అంబట్ఠ సుత్తంలో బ్రాహ్మణ యువకుణ్ణి అడిగే ప్రశ్నలోనూ అదే క్రియ. 'ఏహి భిక్ఖు' అన్న పిలుపు బ్రాహ్మణుడైన కొండఞ్ఞునికీ, శ్రేష్ఠి కుమారుడైన యశునికీ, థేరగాథలోని సునీతునికీ ఒక్కటే. ఎదుటివారి పుట్టుకను బట్టి మాటతీరు మార్చింది అంబట్ఠుడు. బ్రాహ్మణులతో ఒక పద్ధతి, బోడిగుండు శ్రమణులతో ఒక పద్ధతి అని అతడు బుద్ధుని ముందే వాదించాడు. అనువాదంలో మనం తెలియకుండానే అంబట్ఠుని పక్షం చేరాం.

దీనికి కారణం మన సమాజంలో ఉంది. తెలుగులో నోరు తెరవాలంటే ముందు ఎదుటివారి స్థాయి తేల్చుకోవాలి. నువ్వా, మీరా? వాడా, అతనా, ఆయనా? స్త్రీ అయితే 'అది' దాకా దిగజారుస్తాం. దొర ఇంటి పసివాడు మన తాతను 'ఒరేయ్' అంటే, తాత వాణ్ణి 'అయ్యా' అన్నాడు. వ్యాకరణం ఇద్దరికీ ఒకటే, విలువ ఒకటి కాదు.

'నువ్వు'లో చనువు లేదా అని కొందరు అడుగుతారు. ఉంది. అమ్మ పిలుపులో, స్నేహితుడి 'ఏరా'లో ఉన్నది అదే. తిరిగి అనగలిగితే అది చనువు, అనలేకపోతే అధికారం.

అయితే అందరినీ 'నువ్వు' అంటే సరిపోతుందా? 17వ శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లు అదే చేశారు. ప్రభువులనూ ఏకవచనంతోనే సంబోధించి, అందుకు అవమానాలు, దెబ్బలు భరించారు. స్వీడన్ ప్రజలు 1960ల చివర బిరుదులు వదిలి 'నువ్వు' వైపే మళ్ళారు. అక్కడ సమానత్వం పైవారిని కిందికి దించి వచ్చింది. తరాలుగా 'ఒరేయ్' వినివిని అలసిన చెవులకు మాత్రం సమానత్వం 'మీరు' రూపంలోనే వినిపిస్తుంది.

మజ్ఝిమనికాయంలోని అరణవిభంగ సుత్తం ఇక్కడ దారి చూపుతుంది. ఒకే పాత్రను ఒక్కో జనపదంలో ఒక్కో పేరుతో పిలుస్తారు. ఇదే సరైన పేరని పట్టుబట్టవద్దు, అక్కడివారికి తెలిసిన మాటే వాడమంటాడు బుద్ధుడు. అంటే మాట మారవచ్చు, అందులోని అర్థం ఒలికిపోకూడదు. పాలి ఏకవచనాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే సునీతుని విషయంలో అర్థం ఒలికిపోతుంది. కాబట్టి అజాతశత్రువుకు 'మీరు' అయితే సునీతునికీ 'రండి' అనే అనువదించాలి.

సునీతుని కథను బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో చేర్చారు. దాన్ని మనం ఏటా చెప్పుకుంటాం. ప్రసంగం ముగిశాక విహారం ఊడ్చడానికి వచ్చే అమ్మను ఏమని పిలుస్తున్నాం? అనువాదాన్ని అక్కడ మొదలుపెడదాం.